సత్రమా, గృహమా? బొంబాయి, కలకత్తా నగరముల జీవితము

కొన్ని నెలల క్రిందట మా పూర్వశిష్యుని తల్లి యొకామె మా యింటికి వచ్చినది. ఆమె కుమారునకు ఒకేసారి రెండు కొలువులు లభించినవి. ఒకటి ముంబయిలో, మఱియొకటి కోల్‌కతాలో. జీతములలో పెద్ద భేదము లేదు. ఏ నగరము మేలో తెలిసికొని పోవలెనని ఆమె వచ్చినది. మేమును పాఠము చెప్పు నలవాటు చొప్పున రెండు నగరముల రేవులను గూర్చియు, వర్తకమును గూర్చియు, విశ్వవిద్యాలయములను గూర్చియు చాలసేపు ఉపన్యసించితిమి. ఆమె ఓపికతో విని, కడపట నొక్కమాట యడిగినది: "అదంతా సరేగాని మాష్టారూ, కోడల్ని కూడా తీసుకువెళ్లి కాపురం పెట్టుకునే వీలు ఎక్కడుంది?"

మేము తటాలున ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఈ రెండు నగరముల చరిత్రను ఏండ్ల తరబడి చదివియు, ఆ ప్రశ్నను మేమెన్నడును వేసికొనలేదు. ఏ నగరము పెద్దది, ఏ నగరమున సంపద యెక్కువ, ఏ నగరమున పలుజాతుల వారున్నారు అని చూచితిమేగాని, వచ్చినవాడు సంసారముతో నివసింపగలిగెనా యని చూడలేదు. ఆ తల్లి ప్రశ్నయే కొలబద్దగా ఈ రెండు నగరముల చరిత్రను మరల నొకమారు పరిశీలింతము. బొంబాయికి 1995లో ముంబయి యనియు, కలకత్తాకు 2001లో కోల్‌కతా యనియు అధికారికముగ పేరులు మారినవి. పూర్వకథ చెప్పునపుడు పాతపేరులనే వాడుదుము.

బొంబాయి మొదట ఏడు దీవులు. 1661లో పోర్చుగీసు రాకుమార్తె కాథరీనుకును ఆంగ్లరాజగు రెండవ చార్లెసునకును కుదిరిన వివాహపు టొడంబడికలో ఇది వరునకు కట్నముగ వచ్చినది. మన సంఘసంస్కర్తలు ఎంతయో నిందించిన వరకట్నమే ఒక మహానగరమునకు మూలమగుట చరిత్రలోని వింతలలో నొకటి! రాజు 1668లో దానిని ఏటికి పది పౌనుల శిస్తుమీద తూర్పు ఇండియా కంపెనీకి అప్పగించెను. కలకత్తా కథ వేఱు. జాబ్ చార్నాక్ అను కంపెనీ యుద్యోగి 1690 ఆగస్టు 24వ తేదీని హుగ్లీ తీరమున సూతానుటి యను గ్రామమున దిగెను. 1698లో కంపెనీవారు సూతానుటి, కలికాత, గోవిందపురము అను మూడు గ్రామములపై జమీందారీ హక్కులను సంపాదించిరి. ఆ గ్రామములు అంతకు ముందే యున్నవి గనుక చార్నాకును నగర స్థాపకుడనరాదని 2003లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పినది.

రెండు నగరములును వర్తకమునకై పుట్టినవే. వర్తకమునకు మనుష్యులు కావలెను. బొంబాయి గవర్నరు జెరాల్డ్ ఆంజియర్ 1670 ప్రాంతముల పలు మతముల వర్తకులకు అభయమిచ్చి పిలిపించెను. పార్సీలు, గుజరాతీ వణిజులు, బోహ్రాలు, ఖోజాలు, గోవా క్రైస్తవులు, కొంకణ ముస్లిములు వచ్చి చేరిరి. బెనె ఇశ్రాయేలు యూదులకు 1796 నాటికే అచట ప్రార్థనామందిర మున్నది. కలకత్తాలో ఆర్మీనియనుల దేవాలయము 1724 నాటిది. చీనా దేశీయులు వచ్చి చర్మకారుల పనియు, వడ్రంగమును చేసిరి. మార్వాడీలు బడాబజారులో కొట్లు పెట్టిరి. 1856లో రాజ్యము కోల్పోయిన అయోధ్య నవాబు వాజిద్ అలీ షా మటియాబుర్జునకు వచ్చి, లక్నో నగరపు సంగీతమును, వంటకములను అచట నెలకొల్పెను. ఇక బీహారు, ఒరిస్సాల నుండి వచ్చిన కూలీలకు లెక్కయే లేదు.

ఈ వైవిధ్యములో మన తెలుగువారి పాలును కలదు. తెలుగు దేశమునుండి పోయి బొంబాయిలో రాతిపనులు, కట్టడపు పనులు చేసిన కూలీలను అచటివారు కామాఠీలనిరి. వారు నివసించిన పేటయే కామాఠిపురా. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు పిమ్మట నూలు మిల్లులలో చేరిరి. గంజాము, విశాఖపట్టణము మండలముల నుండి పోయినవారు హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో చెమటోడ్చిరి. ఈ రెండు నగరముల గోడలలోను, గోనెలలోను, బట్టలలోను మనవారి శ్రమ యున్నది.

రెండు నగరముల నడుమ స్పర్ధ పందొమ్మిదవ శతాబ్దమున ముదిరినది. 1772 మొదలు 1911 వఱకు రాజధాని కలకత్తాయే. అయినను 1853 ఏప్రిలు 16వ తేదీని తొలి రైలుబండి బొంబాయినుండి ఠాణాకు నడిచెను. 1854లో బొంబాయిలో మొదటి నూలు మిల్లు స్థాపితమయ్యెను. మఱుసటియేట కలకత్తా చేరువనున్న రిష్రాలో మొదటి జనపనార మిల్లు వెలసెను. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమువలన మన ప్రత్తికి ధర పెరిగి బొంబాయి ధనరాశియై, యుద్ధము ముగియగానే దివాలా తీసి, మరల కోలుకొన్నది. 1869లో సూయజు కాలువ తెరవబడగా ఐరోపాకు దగ్గరిద్వారము బొంబాయియే యైనది. 1857లో రెండు నగరములకును విశ్వవిద్యాలయములు వచ్చినవి.

మాబోటి సంస్కారప్రియులకు ఈ నగరములు వర్తకము కంటె నింకొక కారణమున పూజ్యములు. రామమోహనరాయల పోరాటము, 1829 నాటి సహగమన నిషేధము, 1849లో వెలసిన బెథూన్ బాలికాపాఠశాల, విద్యాసాగరుని కృషిచే 1856లో వచ్చిన వితంతు వివాహ చట్టము, ఇవన్నియు కలకత్తా దీపములు. ఆ దీపము వెలుగే మన రాజమహేంద్రవరమును చేరగా 1881 డిసెంబరు 11వ తేదీని వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. బొంబాయిలోను 1849లో విద్యావంతులగు యువకులు బాలికా పాఠశాలలు తెరచిరి. 1867లో ప్రార్థనా సమాజము వెలసినది. పూనాలో జ్యోతిరావు ఫూలేగారు 1873లో నెలకొల్పిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలోని తెలుగు కాంట్రాక్టరులు కొందఱు అండగా నిలిచిరి.

ఇట్లు స్త్రీల విముక్తికై ఉపన్యాసములు మ్రోగిన ఈ నగరములలో స్త్రీలే కొఱవడిరి! ఇరువదవ శతాబ్దారంభపు జనాభా లెక్కలు చూచినచో, రెండింటను పురుషుల సంఖ్య స్త్రీల సంఖ్యకు దాదాపు రెట్టింపు. 1921లో బొంబాయి వాసులలో అయిదింట నాలుగు వంతులకు పైబడి అన్యస్థలములలో పుట్టినవారే. దీనిని చూచి వైవిధ్యమని మురిసిపోవుట సులభము. కాని ఆ లెక్కకు వెనుక నున్న నిజమేమి? మగవాడు నగరమునకు వచ్చెను. భార్య పల్లెలో నిలిచెను. మిల్లు యజమానునకు వాని చేతులు కావలెను గాని, వాని సంసారము అక్కఱలేదు. ఆలుబిడ్డలను పోషించు భారమును పల్లె మోసినది; లాభమును నగరము తీసికొన్నది.

సంసారమును తెచ్చుకొన్నవారి గతి యెట్లున్నది? 1921 నాటికి బొంబాయి జనులలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఒంటిగది యిండ్లలో నుండిరి. చాల్ అను ఆ యిండ్లవరుసలో ఒకే గదిలో వంట, నిద్ర, పురుడు, చావు. కలకత్తా బస్తీలలో మట్టిగోడలు, పెంకుటిండ్లు, వాననీటి గుంటలు. బొంబాయికి 1860లో విహారు చెఱువునుండి కొళాయినీరు వచ్చినది. కలకత్తాకు 1870 ప్రాంతమున పల్తానుండి వడకట్టిన నీరు వచ్చినది. అది మొదట దొరల వీధులకును, ధనికుల యిండ్లకును సమృద్ధిగ చేరినది. బీదవాని భార్య బిందెతో వీధికొళాయికడ కాచుకొన్నది. 1896లో బొంబాయి మాండ్వీ ధాన్యపు గిడ్డంగుల ప్రాంతమున మహామారి పొడసూపినపుడు ఈ నిర్లక్ష్యమునకు ఫలము కానవచ్చినది. 1891లో 8,21,764గా నున్న జనసంఖ్య 1901 నాటికి 7,76,006కు దిగినది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు నొకదానిని పెట్టిరి. అది తొలియేండ్లలో ఇరుకిండ్లను కూల్చినంత వేగముగ క్రొత్తయిండ్లను కట్టలేదు.

కుటుంబములేని మగవారి నగరమున ఏమి జరుగునో చెప్పుటకు మాకు సిగ్గగుచున్నది, అయినను చెప్పవలెను. మన తెలుగు కూలీల పేరు మోయుచున్న కామాఠిపురా పందొమ్మిదవ శతాబ్దాంతమున వేశ్యావాటికగ మారి, ఆ పేరు దేశమంతట అపకీర్తి పాలైనది. కలకత్తాలో సోనాగాచీ కథయు నిట్టిదే. ఆ పేటలలోని స్త్రీలను దూషించువారు గలరు. కాని వారిని అచటికి త్రోసిన దారిద్ర్యమును, పురుషుని ఒంటరిగ రప్పించిన వ్యవస్థను దూషించువారు అరుదు. మఱియొక వంక బొంబాయి మిల్లు కార్మికులకు అన్నము వండిపెట్టి కుటుంబములను నిలిపిన స్త్రీలు వేలకొలది. వారు వడ్డీవర్తకుల చేతులలో నలిగిపోవుట చూచి ప్రేమా పురవ్ గారు 1975లో అన్నపూర్ణా మహిళా మండలమును స్థాపించిరి. నగరము అనుగ్రహింపని గృహమును స్త్రీలే తమ పొయ్యిచుట్టును కట్టుకొనిరి.

కలకత్తా స్వభావమును మార్చినది సుఖము కాదు, దుఃఖము. 1943 నాటి క్షామము, 1946 ఆగస్టు నాటి మారణకాండ, 1947 నాటి దేశవిభజన వరుసగ వచ్చి పడినవి. తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులు పూర్వపు కూలీలవలె ఒంటరిగ రాలేదు. ముసలివారితో, ఆలుబిడ్డలతో వచ్చిరి. నగరపు దక్షిణభాగమున ఖాళీనేలలయందు తామే వెదురుతో, రేకుతో గుడిసెలు వేసికొని, బడులు పెట్టుకొని, కాలనీలు నిర్మించిరి. ఇల్లు గడువక గడప దాటిన ఆడబిడ్డలు ఉపాధ్యాయినులు, గుమాస్తాలు, నర్సులు అయిరి. సంస్కర్తల యుపన్యాసములు శతాబ్దమునకు పైగ సాధింపలేనిదానిని ఆకలి కొన్ని యేండ్లలో సాధించినది. 1970లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ బస్తీలను కూల్చక, ఉన్నచోటనే నీరు, మురుగుకాలువలు, మరుగుదొడ్లు సమకూర్చు పని చేపట్టినది. 1984లో దేశమున మొట్టమొదటి భూగర్భ రైలు నడిచినదియు నచటనే.

బొంబాయి మార్గము వేఱు. 1982 జనవరిలో సుమారు రెండున్నర లక్షల నూలు కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె విఫలమై, మిల్లులు పెక్కు మూతబడినవి. ఆ నేలపై ఆకాశహర్మ్యములు లేచినవి. 1992-93 నాటి మతకలహములలో సుమారు తొమ్మిదివందల మంది చనిపోయిరి. పలుమతములవారు కలసి బ్రతికిన వాడలు విడిపోయినవి. వైవిధ్యము ఉన్నంతమాత్రమున సహవాసము సిద్ధింపదని రెండు నగరములును నెత్తుటితో నేర్చిన పాఠమిది. అయినను బొంబాయి యొక్క గొప్పతనము నొకదానిని మఱువరాదు. అచట స్త్రీ యుద్యోగమునకు పోవుట వింత కాదు. 1992లో స్త్రీలకే ప్రత్యేకమగు రైలుబండిని అచట నడపిరి. ఆ బండ్లలో కూరలు తఱుగుకొనుచు, ఒకరి కష్టము నొకరు చెప్పుకొనుచు పోవు వనితలకు, ఇంటికిని కొలువునకును నడుమ అదియొక చిన్నిగృహము.

నేటి లెక్కలు ఏమి చెప్పుచున్నవి? 2011 జనగణనలో వేయిమంది పురుషులకు కోల్‌కతాలో 908 మంది స్త్రీలు, ముంబయి నగరజిల్లాలో 832 మంది స్త్రీలు. శతాబ్దము క్రిందటి స్థితితో పోల్చినచో రెండును చాలదూరము నడిచినవి. కోల్‌కతా కొంత ముందున్నది. ఆ లెక్కప్రకారమే మురికివాడలలో నుండువారు ముంబయిలో నూటికి సుమారు నలువదిమంది, కోల్‌కతాలో నూటికి సుమారు ముప్పదిమంది. కొలువులు, కూలి దొరకుటలో ముంబయి మిన్న. ఆ కూలితో ఒక గది సంపాదించుటలో కోల్‌కతా సులభతరము. ఒకటి స్త్రీకి దారి నిచ్చినది; ఇంకొకటి చోటు నిచ్చినది. రెండును ఏకకాలమున ఇచ్చు నగరమును మనమింకను కట్టుకొనలేదు.

గృహిణి యున్ననే గృహమని మన పెద్దలనిరి. ఆ మాటను గృహిణి యింటనే పడియుండవలెనని వాడుకొన్నవారు గలరు. మేము దానిని వేఱుగ గ్రహింతుము: ఏ యూరికి స్త్రీ తన యిష్టముతో వచ్చి, నిర్భయముగ నడచి, తన శ్రమకు ఫలము పొంది, బిడ్డలను బడికి పంపగలదో ఆ యూరు గృహము. తక్కినది, ఎన్ని జాతులవారు దిగినను, ఎన్ని మేడలు లేచినను, సత్రమే. సత్రమున దిగువారి వైవిధ్యము చూడ ముచ్చటయే. కాని తెల్లవారిన తోడనే ఎవరి దారి వారిది.

మఱునా డా తల్లి యింటికి మేమే పోయి, ఏ నగరము గొప్పదో మేము చెప్పజాలమంటిమి. కొలువునకు ఎంతదూరమున గది దొరకును, అద్దె జీతములో నెన్నవ వంతు, కొళాయిలో నీరు ఎన్ని గంటలు వచ్చును, చేరువ బడి యున్నదా, వీనిని విచారింపుమని చెప్పితిమి. కోడలు డిగ్రీ చదివినదని తెలిసి, ఆమెకును అచట పని దొరకునా యని విచారింపుమంటిమి. ఆ తల్లి నవ్వి, "ఆ పిల్లనే అడిగితే పోలా మాష్టారూ?" అన్నది. ఇరువది యేండ్లుగ చరిత్ర బోధించుచున్న మాకు తోచని మాట యది. మూడు శతాబ్దములలో ఈ మహానగరముల నేలినవా రెవ్వరును అడుగనిదియు నా మాటయే.