గృహమే గురుకులమైన వేళ: జిడ్డు కృష్ణమూర్తి కౌమార విద్య



కౌమారంలో ఉన్న పిల్లలను పాఠశాల మాన్పించి ఇంటివద్దనే చదివించవచ్చునా అని సంశయించే తల్లిదండ్రులు మన పలమనేరు, కుప్పం ప్రాంతాలలోనూ ఉన్నారు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు పన్నెండవ ఏట గురుకులానికి వెళ్లి, ఇరువది నాలుగవ ఏట వేదాలన్నీ అభ్యసించి, విద్యాగర్వంతో తిరిగి వచ్చాడు. అతనికి అసలైన బ్రహ్మవిద్య లభించినది అటుపిమ్మట, స్వగృహంలో, తండ్రియైన ఉద్దాలకుని వద్ద. మర్రిపండును చిదిపి చూడమనీ, ఉప్పు కరిగిన నీటిని రుచి చూడమనీ తండ్రి ఆదేశించాడు. కుమారుడు తానే చూచి, తానే తెలుసుకొన్నాడు. గృహవిద్యకు ఇదే ఆదర్శం.

ఆధునిక కాలంలో దీనికి సమీపమైన ఉదాహరణ మన ఇరుగునే ఉన్నది. పలమనేరు నుండి పుంగనూరు మీదుగా వెళితే వచ్చే మదనపల్లెలో, 1895 మే మాసంలో, జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానంగా కృష్ణమూర్తి జన్మించారు. అష్టమ గర్భం కనుక కృష్ణుని నామం పెట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బాల్యంలో మలేరియా జ్వరం పదే పదే రావడం వలన ఆ బాలుని చదువు వెనుకబడింది. పదేళ్ల ప్రాయంలో మాతృవియోగం కలిగింది. 1909లో కుటుంబం మద్రాసు సమీపాన అడయారు చేరిన తరువాత, మైలాపూరు పాఠశాలలో పాఠం అప్పజెప్పలేని ఆ బాలునికి దక్కినవి బెత్తపు దెబ్బలు. మందబుద్ధి అని అందరూ భావించారు. అదే బాలుడు అంతకు పూర్వం ఇంటిలో ఒక గడియారాన్ని పూర్తిగా విడదీసి, దాని మర్మం గ్రహించి తిరిగి కూర్చే వరకు ఆహారం ముట్టలేదట! లోపించినది మేధస్సు కాదు; ఆ మేధస్సును గుర్తించే దృష్టి.

ఆ సంవత్సరమే దివ్యజ్ఞాన సమాజం వారు ఆయనను, తమ్ముడు నిత్యానందను పాఠశాల మాన్పించి అడయారులోనే విద్య చెప్పించసాగారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 14 సంవత్సరాలు. ఎర్నెస్ట్ వుడ్ మొదలైనవారు పాఠాలు చెప్పేవారు. అనీ బెసెంటు స్వయంగా ఆంగ్లం చదివించేవారు. ఈత, సైకిలు స్వారీ, వ్యాయామం, శుచియైన ఆహారం దినచర్యలో భాగాలు. జడుడనిపించుకొన్న బాలుడు కొద్ది మాసాలలోనే ఆంగ్లంలో మాట్లాడి వ్రాయగలిగాడు. దండనభయం తొలగడం, పుష్టికరమైన ఆహారం, సహాధ్యాయిగా సోదరుడు వెంట ఉండడం — ఈ మూడూ ఇందుకు దోహదం చేశాయి.

అయితే ఈ విద్యకు మరొక పార్శ్వం ఉన్నది. ఆ బాలుడు జగద్గురువు కావలెనని పెద్దలు ముందే నిశ్చయించారు. బిడ్డలు తనకు దూరమవుతున్నారని తండ్రి న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రికి అనుకూలంగా తీర్పు ఇవ్వగా, 1914లో ప్రీవీ కౌన్సిల్ దానిని కొట్టివేసింది. ఇంగ్లండులో ఉన్న ఆ బాలుర అభిప్రాయం వినకుండానే తీర్పు వెలువడిందన్నది అక్కడ ముఖ్యాంశమైంది. పెద్దల వాదప్రతివాదాల నడుమ, చదివేవాని ఇష్టమేమిటో అడిగినవారు లేకపోయారు!

ఆ కోల్పోవడం అంతటితో ఆగలేదు. పరదేశవాసంలో ఆయన మాతృభాషయైన తెలుగును మరచిపోయారు. లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో పలుమార్లు ప్రయత్నించినా ఉత్తీర్ణులు కాలేకపోయారు. కానీ గడియారాన్ని విప్పి చూచిన ఆ పరిశీలనాశక్తి నశించలేదు. 1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమెన్‌లో, తన కొరకే నెలకొల్పబడిన నక్షత్ర సంఘాన్ని ఆయన స్వయంగా రద్దు చేశారు. గురువులు తనకు విధించిన గమ్యాన్ని విడిచిపెట్టారు. తరువాతి కాలంలో విద్యను గూర్చి జీవితాంతం చింతన చేశారు. మదనపల్లెకు సమీపాన ఉన్న ఋషివ్యాలీ విద్యాలయం ఆ చింతనకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉన్నది. గృహవిద్య పొందిన ఆయన పాఠశాలను నిరాకరించలేదు. భయం లేని పాఠశాలను కోరారు.

కనుక గృహవిద్యను ఎంచుకొనే తల్లిదండ్రులు ముందుగా బిడ్డ ఇష్టాన్ని వినాలి. నిత్యానంద వంటి ఒక సహాధ్యాయిని సమకూర్చాలి. ఏకాంతవాసం అధ్యయనం కాదు. శరీరశ్రమకు, మాతృభాషకు నిత్యం కొంత సమయం కేటాయించాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా 14 ఏళ్లు నిండినవారు పదవ తరగతి పరీక్షకు నమోదు కావచ్చును. లోకవ్యవహారానికి యోగ్యతాపత్రం అవసరమే.

నాయనలారా, ఇంటివద్ద చదివే మీకు లభించినది సెలవు కాదు, స్వాధ్యాయ కాలం. గంటకొకసారి మ్రోగే గంట లేదు కనుక నియమం మీలోనే ఉండాలి. ప్రాతఃకాలంలో లేచి, ఒక విషయాన్ని పట్టుకొని, దాని మూలం కనబడే వరకు విడువకండి. శంక కలిగితే వినయంతో అడగండి. పెద్దలు మీ కొరకు ఎంత ఉన్నతమైన గమ్యాన్ని సంకల్పించినా, మర్రిపండును చిదిపి లోపల ఏమున్నదో చూడవలసినది మాత్రం మీరే.

శుభం భూయాత్.