ఖాళీ గిన్నె: ఒక బడిలో పుట్టిన భోజనం కథ

స్వర్ణోత్సవ సంచికలో బడి పుట్టుక గురించి, చదువు చెప్పిన అయ్యవార్ల గురించి రాయడం ఆనవాయితీ. ఆ పని నాకన్నా బాగా చేయగల మిత్రులు ఉన్నారు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాడిగా నేను మరో బడి కథ చెబుతాను. అది మన దేశంలోది కాదు. అయినా మన సంఘం ముందున్న పనికి దగ్గరిది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్ అనే ఊరుంది. అక్కడి లాసర్ హైస్కూల్లో జాన్ హార్టమ్ కళల ఉపాధ్యాయుడిగా ఉండేవారు. 1990లో ఆకలితో ఉన్నవారికి విరాళాలు పోగుచేయడానికి ఆయన, లిసా బ్లాక్‌బర్న్ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. విద్యార్థులు తరగతిలోనే తమ చేతులతో మట్టి గిన్నెలు చేశారు. వచ్చినవారికి ఆ గిన్నెల్లో సూపు పోసి, పక్కన రొట్టె పెట్టారు. అంతే భోజనం. తిన్నవారు విరాళం ఇచ్చారు. లేచి వెళ్లేటప్పుడు ఎవరి గిన్నె వారినే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. లోకంలో నిండని గిన్నెలు ఇంకా ఉన్నాయని అది గుర్తుచేస్తుందన్నారు.

దానికే ‘ఎంప్టీ బౌల్స్’ అని, అంటే ఖాళీ గిన్నెలు అని పేరు వచ్చింది. ఈ ఆలోచనను వారు తమ సొంతం చేసుకోలేదు. ఎవరి ఊళ్లో వారు జరుపుకోవచ్చని, వచ్చిన సొమ్ము మాత్రం ఆకలి తీర్చే పనికే వెళ్లాలని చెప్పారు. అక్కడి నుంచి అది అమెరికా అంతటా, ఇతర దేశాలకూ పాకింది. ఇప్పుడు ఊరి కుమ్మరులు, కాలేజీ విద్యార్థులు గిన్నెలు చేసిస్తున్నారు. హోటళ్లవారు సూపు కాచి పంపుతున్నారు.

మనకు అన్నదానం కొత్త కాదు. గోదావరి లంకల్లో దారిన పోయేవారికి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిని తెలుగువారు ఇప్పటికీ తలచుకుంటారు. అయితే మన అన్నదానంలో పెట్టేవారు ఒకరు, తినేవారు మరొకరు. మిషిగన్ బడి భోజనంలో ఇచ్చేవారే తింటారు, అదీ కొంచెమే తింటారు. తిన్నాక చేతిలో మిగిలేది ఖాళీ గిన్నె. శాలువా, జ్ఞాపిక ఇచ్చేసినదాన్ని గుర్తుచేస్తాయి. ఆ గిన్నె ఇంకా ఇవ్వవలసినదాన్ని గుర్తుచేస్తుంది. నాకు నచ్చిన తేడా ఇదే.

ఆకలి సంగతి మన మెట్ట ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. 1876–78 నాటి ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని కుదిపేసినప్పుడు నెల్లూరు జిల్లా కూడా అందులో ఉంది. అప్పట్లో సర్కారు గంజి కేంద్రాలు తెరిచింది. మన తరం ప్రాథమిక బడుల్లో ‘కేర్’ సంస్థ ద్వారా వచ్చిన గోధుమ రవ్వ ఉప్మా తిన్నవారు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. ఆ రవ్వ కూడా అమెరికా నుంచి వచ్చిందే. 2001 నవంబరు 28న ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. తర్వాత హైస్కూలు పిల్లలకూ అందింది.

మేము హైస్కూల్లో ఉన్నప్పుడు ఆ వసతి లేదు. దూరపు పల్లెల నుంచి నడిచి వచ్చేవారిలో కొందరు సద్ద సంగటో చద్దన్నమో తెచ్చుకునేవారు. కొందరు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే బోరింగు దగ్గరికి పోయి కడుపునిండా నీళ్లు తాగి వచ్చేవారు. అన్నం తిన్నావా అని అడిగితే తిన్నాననే చెప్పేవారు.

ఇప్పుడు మధ్యాహ్నం బాధ తీరింది, సాయంత్రం బాధ మిగిలింది. పదో తరగతి పిల్లలు బడి వదిలాక కూడా చదువుకోవడానికి ఆగుతారు. మధ్యాహ్నం తిన్న అన్నం ఆ వేళకు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఒక దోసెడు గుగ్గిళ్లు, ఒక వేరుశనగ ఉండ పెడితే వారు పుస్తకం మీద మనసు పెట్టగలరు.

అందుకే మన సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవాల్లో ఒక పూట విందు తగ్గించి, మట్టి ముంతల్లో భోజనం పెడదాం. రాగి సంకటి, పప్పుచారు, మజ్జిగ చాలు. ముంతలు మన చుట్టుపక్కల కుమ్మరుల దగ్గరే, వారు చెప్పిన ధరకే కొందాం. చెరువు మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, తొక్కి, సారె మీద తిప్పి, నీడన ఆరబెట్టి, ఆవంలో కాల్చేదాకా ఎన్ని రోజుల పనో మనకు తెలుసు. స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక ఆ పనికి గిరాకీ పడిపోయింది. ఉదయగిరి చెక్క గరిటెలు కూడా తెప్పిస్తే మన సీమ చేతిపని అంతా ఒక్క పంక్తిలో కనిపిస్తుంది. బడి పిల్లలు ఆ కుమ్మరుల దగ్గర కూర్చొని తలా ఒక ముంత చేయడం నేర్చుకుంటే మరీ మంచిది.

వచ్చిన సొమ్ములో ప్రతి రూపాయీ సాయంత్రం అల్పాహారానికే ఖర్చు పెట్టాలి. లెక్క బడి నోటీసు బోర్డు మీద ఉండాలి. ఎవరి ముంత వారు ఇంటికి తీసుకెళ్లి, అందరికీ కనిపించే చోట పెట్టుకోవాలి. మనవడో మనవరాలో ఇది ఖాళీగా ఎందుకుందని అడిగితే, బోరింగు నీళ్లు తాగి తరగతికి వచ్చిన మన స్నేహితుల సంగతి చెప్పండి.