విలన్ లేని ఆట: ఎనిమిది సద్గుణాలు, మూడు బిట్లు

రోల్ ప్లేయింగ్ ఆట అనగానే మనకి తెలిసిన కథ ఒకటే. ఎక్కడో ఓ దుష్టుడుంటాడు. మనం కత్తి పట్టుకుని బయల్దేరి, దారిలో కనపడ్డవాణ్ణల్లా నరుక్కుంటూ పోయి, చివర్న వాణ్ణి చంపేస్తాం. శుభం కార్డు. 1985లో వచ్చిన అల్టిమా 4లో మాత్రం చివర్న చంపడానికి ఎవడూ లేడు. మరి ఆటేవిటయ్యా అంటే, మంచివాడిగా బతకడం. అంతే!

ఈ ఆట నాకంటే ఓ పన్నెండేళ్ళు పెద్దది. 64 కిలోబైట్ల మెమరీ ఉన్న ఆపిల్ టూ మీద, రెండు ఫ్లాపీల్లోంచి నడిచింది. (మన ఆఫీసు మెయిళ్ళ కింద ఉండే లోగో బొమ్మలే కొన్నిసార్లు ఇంతకంటే బరువు.) కొన్ని వారాంతాలు కూచుని దీన్ని డాస్‌బాక్స్‌లో పూర్తిచేశాను. గ్రాఫిక్స్ గురించి చెప్పుకోడానికేం లేదు. చెప్పుకోవాల్సింది వేరే ఉంది.

ముందు కాస్త చరిత్ర. దీన్ని రాసింది రిచర్డ్ గారియట్. ఆయన తండ్రి ఓవెన్ గారియట్ వ్యోమగామి, 1973లో స్కైలాబ్‌లో గడిపి వచ్చాడు. కొడుకేమో హైస్కూల్లోనే ప్రోగ్రాములు రాసే రకం. తన మొదటి ఆట అకలబెత్‌ని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, తను పనిచేసే కంప్యూటర్ షాపులోనే అమ్మాడు. 1981లో మొదటి అల్టిమా వచ్చింది. 1983లో అన్నగారు రాబర్ట్‌తో, మరికొందరితో కలిసి ఆరిజిన్ సిస్టమ్స్ అనే సొంత కంపెనీ పెట్టి, మూడో అల్టిమాని అక్కణ్ణుంచే విడుదల చేశాడు.

అసలు మలుపు ఇక్కడుంది. అంతకుముందు ప్రచురణ వేరేవాళ్ళది కాబట్టి, ఆడినవాళ్ళ ఉత్తరాలు ఈయనదాకా వచ్చేవి కావు. సొంత కంపెనీ పెట్టాక వచ్చాయి. చదివితే ఏముంది? జనం ఊళ్ళలో దుకాణాలు దోచుకుంటున్నారు, అమాయకుల్ని చంపేస్తున్నారు, ఆ డబ్బుతో ఆయుధాలు కొనుక్కుని చివరికి లోకరక్షకులైపోతున్నారు! పిల్లల్ని పాడుచేస్తున్నావని తిట్టిన తల్లిదండ్రులూ ఉన్నారట. ఆలోచిస్తే తప్పు ఆడేవాళ్ళది కాదు. దొంగతనం లాభసాటిగా ఉండేలా కోడ్ రాసింది ఆయనే. అప్పటికింకా పాతికేళ్ళు నిండని ఆ కుర్రాడు దానికి జవాబుగా రాసిందే నాలుగో అల్టిమా.

మనలాంటి వాళ్ళకి బాగా నచ్చే సంగతి దీని డిజైను. మూల సూత్రాలు మూడు: సత్యం, ప్రేమ, ధైర్యం. వీటిని మూడు బిట్లు అనుకోండి. సత్యం ఒక్కటే ఉంటే నిజాయితీ. ప్రేమ ఒక్కటే అయితే కరుణ. ధైర్యం ఒక్కటే అయితే శౌర్యం. సత్యం, ప్రేమ కలిస్తే న్యాయం. ప్రేమ, ధైర్యం కలిస్తే త్యాగం. సత్యం, ధైర్యం కలిస్తే మర్యాద. మూడూ కలిస్తే, అంటే 111, ఆధ్యాత్మికత. మరి 000? అది వినయం. ఏదీ నాదని చెప్పుకోకపోవడం! ఈ చివరిది చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి ఓ రౌండు తిరిగొచ్చాను.

ఎనిమిది గుణాలకి ఎనిమిది ఊళ్ళు, ఎనిమిది గుళ్ళలాంటి చోట్లు, ఒక్కోదానికి ఒక్కో మంత్రం. ఆధ్యాత్మికత మంత్రం ఏంటో తెలుసా? ఓమ్. 256 గళ్ళు అడ్డం, 256 గళ్ళు నిలువు ఉన్న బ్రిటానియా అనే లోకంలో ఎటు కావాలంటే అటు పోవచ్చు. ముందిక్కడికెళ్ళు, తర్వాతక్కడికెళ్ళు అని బాణం గుర్తులు పెట్టరు. ఊళ్ళో మనుషుల్ని పలకరించి, పేరు, పని అని కీబోర్డు మీద మాటలు కొట్టి విషయం రాబట్టాలి. నేనైతే ఓ నోటుపుస్తకం సగం నింపాను.

ఇహ అసలు సంగతి. ఆట ఒక్కో గుణానికి ఒక్కో అంకె దాచుకుంటుంది, 99 దాకా. అది మనకి కనపడదు. రాజుగారి కోటలో హాక్‌విండ్ అనే పెద్దాయన్ని అడిగితే నువ్వెలా ఉన్నావో మాటల్లో చెప్తాడుగానీ అంకె చెప్పడు. మంత్రాలకి కావల్సిన గంధకం, వెల్లుల్లి, సాలీడు దారం లాంటివి అమ్మేది ఓ గుడ్డామె. ధర చెప్పి, ఎంతిస్తావో నిన్నే లెక్కపెట్టి ఇమ్మంటుంది. తక్కువిచ్చినా ఆమెకి తెలీదు, సరుకు మామూలుగానే ఇచ్చేస్తుంది.

నేను ఆడుతుంటే వెనక నించున్న మా రూమ్మేట్ "ఒరేయ్, ఆవిడకి కనపడదుగా, ఒక్క కాసు పడెయ్" అన్నాడు. నేను మొత్తం ఇచ్చాను. "వేస్ట్‌రా నువ్వు" అని వెళ్ళిపోయాడు. తక్కువిచ్చుంటే నిజాయితీతో పాటు న్యాయం, మర్యాద కూడా దెబ్బతినేవని, నిజాయితీగా ఇచ్చినప్పుడు పెరిగేదానికంటే మోసం చేసినప్పుడు పోయేది చాలా ఎక్కువని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ క్షణంలో మాత్రం తెరమీద ఏ బీపూ లేదు, ఏ హెచ్చరికా లేదు. అందుకే ఆ ఇవ్వడానికి ఓ విలువ ఉందనిపించింది.

అయితే ఇక్కడో చిక్కుంది. ఒకసారి ఆ పట్టిక తెలిసిపోయాక ఏమవుతుంది? బిచ్చగాడికి ఒక్క కాసు వేసినా కరుణ ఖాతాలో పాయింట్లు పడతాయి. వైద్యశాలలో రక్తం ఇస్తే త్యాగం పెరుగుతుంది. కాబట్టి బిచ్చగాడి దగ్గరకి, వైద్యశాలకి డ్యూటీ వేసుకుని తిరగొచ్చు. పని అదే, మనిషి మాత్రం మారిపోయాడు. నేను ఇదివరకు పనిచేసిన ఓ చోట టెస్టర్లకి ఎన్ని బగ్గులు రాస్తే అంత రేటింగు అన్నారు. మర్నాటినుంచి ఒక బగ్గు ఐదు బగ్గులైంది. నాణ్యత ఒక్క పిసరు పెరగలేదు. కొలిచేది ఏదో తెలిసిపోయాక మనం పని మానేసి, ఆ కొలతని పెంచే పని చేస్తాం.

గారియట్ గొప్పతనం ఏంటంటే ఈ ప్రమాదాన్ని తనే కథగా రాశాడు. 1988లో వచ్చిన అల్టిమా 5లో రాజుగారు కనపడకుండా పోతాడు. బ్లాక్‌థార్న్ అనేవాడు గద్దెనెక్కి, అవే ఎనిమిది గుణాల్ని చట్టం చేస్తాడు. అబద్ధమాడితే నాలుక పోతుంది. దానం చెయ్యకపోతే నీ ఆదాయమే పోతుంది. నాలుగో ఆటలో మనల్ని పెద్ద చేసిన గుణాలే ఐదో ఆటలో జనం మెడకి ఉరితాళ్ళవుతాయి. తన సిద్ధాంతాన్ని తనే మూడేళ్ళలో బోనెక్కించిన రచయితలు ఎంతమందున్నారు?

ఇంకొక్క ముచ్చట. ఈ ఆటలో గుణాలన్నీ సాధించినవాణ్ణి 'అవతార్' అంటారు. మన మాటే. కానీ మన అవతారం అంటే దేవుడు పైనుంచి దిగిరావడం. ఇక్కడేమో మామూలు మనిషి తన నడవడితో మెట్టు మెట్టుగా పైకెక్కడం. దిశే తిరగబడింది! తెరమీది బొమ్మని అవతార్ అనడం 1986లో లూకాస్‌ఫిల్మ్ వాళ్ళ హ్యాబిటాట్ ఆటలోనూ, 1992లో వచ్చిన స్నో క్రాష్ నవలతో ఇంకా విరివిగానూ వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు అవతార్ అంటే ప్రొఫైల్ ఫోటో. గారియట్ వాడిన అర్థంలో మాత్రం అది సంపాదించుకోవాల్సిన పేరు.

ఆరిజిన్‌ని 1992లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది, 2004లో మూసేసింది. అల్టిమా 4ని మాత్రం 2011లో జీఓజీ సైట్‌లో ఉచితంగా పెట్టారు. మీరూ ఆడాలనుకుంటే ఒకటే మనవి. పాయింట్ల పట్టిక వెతక్కండి, వాక్‌త్రూలు చూడకండి. ఎవరూ చూడనప్పుడు, ఏ అంకే కనపడనప్పుడు ఆ గుడ్డామెకి మీరెంతిస్తారో తెలుసుకునే అవకాశం ఒక్కసారే వస్తుంది. లెక్క తెలిశాక ఇచ్చేది ధర్మం కాదు, పెట్టుబడి.