బడి నుంచి కాపురం దాకా ఏడీహెచ్‌డీ

సుల్తానాబాద్‌లో భర్త కరెంటు బిల్లు కట్టడం మరిచినా, భార్య చెప్తున్న మాట సగంలో ఉండగానే లేచిపోయినా 'సోయి లేదు' అంటరు. భార్యే మరిస్తే మాట ఇంకా కటువుగా పడుతుంది. ఆ మరుపు వెనక మనసును ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అనే సమస్య ఉండొచ్చన్న ఎరుక ఆలుమగల దాకా రావడానికి రెండు వందల ఏండ్లు పట్టింది.

మనసు ఒకచోట నిలవకపోవడం పుట్టుకతోనే రావచ్చని స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే రాశాడు. వయసుతో తగ్గుతుందనీ అనుకున్నాడు. 1902లో లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్ అలాంటి పిల్లలకు తెలివి తక్కువేమీ కాదన్నాడు గానీ, దాన్ని నైతిక నిగ్రహ లోపంగా చూశాడు. నింద అక్కడ గట్టిగా అంటుకుంది.

అసలు నష్టం 1968లో జరిగింది. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం దీన్ని బాల్య సమస్యగా నమోదు చేసి, కౌమారానికి తగ్గుతుందంది. కానీ ఆ పిల్లలే పెద్దయి పెండ్లిళ్లు చేసుకున్నారు. 1976లో యూటాలో పాల్ వెండర్ బృందం పెద్దల్లోనూ ఇది ఉందని చూపించింది. దాంపత్యం మీదే పూర్తిగా దృష్టి పెట్టిన మెలిస్సా ఓర్లోవ్ పుస్తకం 2010లో గానీ రాలేదు. ఒకరు అమ్మలా వెంటపడి గుర్తుచేయడం, ఇంకొకరు పిల్లాడిలా తప్పించుకోవడం ఎట్లా మొదలవుతుందో ఆమె వివరించింది.

మన దగ్గర ఉమ్మడి కుటుంబం ఈ లోటును చాలాకాలం కప్పిపెట్టిందని నా నమ్మకం. లెక్కలు అన్న చూసేవాడు, పెట్టుపోతలు అత్తకు యాదికుండేవి. వేరు కాపురంలో ఆ బరువంతా ఒక్కరి మీదే పడుతోంది. ఆ ఒక్కరి అలసట కూడా నిజమే, దాన్ని సాధింపు అనడం అన్యాయం. అందుకే కోపంలో కాక, తీరికగా కూర్చుని పనులు పంచుకోవాలి. గుర్తుచేసే పని భార్య నోటికి కాక ఫోన్ అలారానికి, తలుపు పక్కన క్యాలెండర్‌కు అప్పగించాలి. టీవీ కట్టేసి, ఒకసారికి ఒక్క ముచ్చటే మాట్లాడుకోవాలి.

2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416లో తెలుగులోనే సలహా దొరుకుతుంది. నిర్ధారణ మాత్రం డాక్టరే చేయాలి. దీనికి వాడే మిథైల్‌ఫెనిడేట్ గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ లేకుండా మెడికల్ షాపులో ఇవ్వరు. ఆ అమెరికా గ్రంథం 2013 ప్రమాణాల ప్రకారం లక్షణాలు పన్నెండేండ్లలోపే కనబడి ఉండాలి. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ రిపోర్టు తీసుకుపోవడం మంచిది, వీలైతే కన్నతల్లిని కూడా వెంటబెట్టుకుని.