జంతువుల వర్గీకరణ: జాతి, ప్రజాతి, కుటుంబం

జంతువులను వాటి పోలికలను, వంశ సంబంధాలను బట్టి శ్రేణులుగా విభజించడాన్ని జంతు వర్గీకరణ అంటారు. ప్రధాన శ్రేణులు వరుసగా రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. సహజ పరిస్థితులలో తమలో తాము జతకట్టి, సంతానోత్పత్తి శక్తి గల పిల్లలను కనే జీవుల సముదాయాన్ని జాతి అని సాధారణంగా నిర్వచిస్తారు. దగ్గరి సంబంధం గల జాతులు కలిసి ప్రజాతిగా, సన్నిహితమైన ప్రజాతులు కలిసి కుటుంబంగా ఏర్పడతాయి.

ద్వినామ విధానం

స్వీడన్ దేశస్థుడైన కార్ల్ లిన్నేయస్ (1707-1778) ప్రతి జీవికి రెండు పదాల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరచాడు. ఇందులో మొదటి పదం ప్రజాతిని తెలుపుతుంది. రెండు పదాలూ కలిస్తే జాతి నామం అవుతుంది. 1758లో వెలువడిన ఆయన గ్రంథం 'సిస్టెమా నేచురే' పదవ కూర్పు జంతు నామకరణానికి ప్రారంభ బిందువు. అందులో సింహం, పులి, చిరుతపులి, పిల్లి అన్నీ 'ఫెలిస్' అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. తరువాతి కాలంలో మొదటి మూడింటిని 'పాంథెరా' ప్రజాతిలోకి మార్చారు. కుటుంబం అనే శ్రేణి కూడా లిన్నేయస్ తరువాత వచ్చినదే.

ఉదాహరణ: చిరుతపులి, చీటా

తెలుగులో ఈ రెండు జంతువులనూ 'చిరుత' అని వ్యవహరించడం వలన తరచు పొరపాటు కలుగుతుంది. రెండూ ఫెలిడే (మార్జాల) కుటుంబానికి చెందినవే అయినా ప్రజాతులు వేరు.

* చిరుతపులి (పాంథెరా పార్డస్): ఒంటిపై గుత్తులుగా అమరిన మచ్చలుంటాయి. గాండ్రించగలదు. నల్లమల, శేషాచలం అడవులలో ఉండేది ఇదే.
* చీటా (అసినోనిక్స్ జుబేటస్): విడివిడిగా నిండు నల్లని చుక్కలు, కంటి నుండి నోటి వరకు నల్లని చార ఉంటాయి. గాండ్రించలేదు. జన్యు పరిశీలన ప్రకారం దీనికి దగ్గరి బంధువు చిరుతపులి కాదు, అమెరికా ఖండాలలోని ప్యూమా.

వర్గీకరణ ప్రాముఖ్యత

వన్యప్రాణి సంరక్షణలో వర్గీకరణ కీలకమైనది. భారతదేశంలో చీటా అంతరించినట్లు 1952లో ప్రకటించారు. ఇక్కడ ఉండినది ఆసియా ఉపజాతి. అది నేడు ఇరాన్‌లో మాత్రమే అతి స్వల్ప సంఖ్యలో మిగిలి ఉంది. ఆఫ్రికా చీటాలను తెచ్చే ప్రతిపాదనను, అవి ఈ దేశానికి చెందినవి కావన్న అభ్యంతరంపై సుప్రీంకోర్టు 2013లో తోసిపుచ్చింది. 2020లో ప్రయోగాత్మకంగా అనుమతించింది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి 8 చీటాలను మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానవనానికి తీసుకువచ్చారు. ఇవి జాతిరీత్యా పూర్వపు భారతీయ చీటాలతో సమానమే గాని, ఉపజాతిరీత్యా భిన్నమైనవి.