పట్టాలు పడ్డ ఊరు, పడని ఊరు

నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు మీటర్ గేజీ రైలు పడింది. మేడ్చల్ ఆ దారిలోని ఊరే. ఆ తర్వాత రోడ్లదే రాజ్యమైంది: మేడ్చల్ మీదుగా నాగపూర్ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ రోడ్డు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ రెంటినీ కలిపింది. దాంతో ఊరు దూరమైనా పర్వాలేదు, కారుంటే చాలన్న లెక్క మొదలైంది.

కారు మారితే గాలీ మారుతుంది. 2000లో దేశమంతటా పెట్రోలులోంచి సీసం పోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చి, ఇంధనంలో గంధకాన్ని పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దించింది. ఇవి నిజమైన విజయాలు. పిల్లల ఊపిరితిత్తులకు జరిగిన మేలు ఇది.

అయినా శామీర్‌పేట రోడ్డు వారన ఏ పొద ఆకునైనా వేలితో తుడిచి చూడండి. బూడిదరంగు పొడి అంటుకుంటుంది. అందులో మట్టితో పాటు అరిగిన టైర్ల రబ్బరు, బ్రేకుల రజను ఉంటాయి. వాన పడితే అదంతా పల్లానికి, చెరువుల వైపుకే పోతుంది. బండి బరువెక్కేకొద్దీ టైరు అరుగుదలా పెరుగుతుంది.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. మంచి పనే; పొగ గొట్టం ఉండదు. కానీ ఒక్క మనిషి కోసం కదిలే పెద్ద బండి, కరెంటుదైనా, పెద్ద బండే.

2023లో మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది, ఆ పాత రైలు దారి మీదే. శామీర్‌పేటకు పట్టాలు లేవు. అక్కడివాళ్లకు బస్సో, సొంత బండో.