మోటు లయ: చికాగో గోదాము నుంచి మన తిరునాళ్ల దాకా

యంత్రం వచ్చి కళను చంపేసిందన్న మాట మనవాళ్ల నోట తరచుగా వినబడుతూ వుంటుంది. మహానంది శివరాత్రి తిరునాళ్లకు నంద్యాల నుంచీ ఆళ్లగడ్డ నుంచీ వచ్చే ట్రాక్టర్లలో ఇప్పుడు తప్పెట కంటే ముందు కనబడేది నిలువెత్తు సౌండు బాక్సులు. పెద్దలు చెవులు మూసుకుంటారు. కుర్రవాళ్లు ఎగురుతారు. సంప్రదాయం నాశనమైపోయిందని ఒకరంటారు, కాలం మారిందని మరొకరంటారు. నిజానికి ఈ రెండూ చరిత్రను పట్టించుకోని మాటలే. మొదటిది వెనక్కి చూసి కన్నీరు కారుస్తుంది. రెండవది ఎటూ చూడకుండానే చప్పట్లు కొడుతుంది. లయకు యంత్రం శత్రువా మిత్రమా అనేది సరైన ప్రశ్న కాదు. ఆ యంత్రం ఎవరి చేతిలో వుంది? దాని ముందు ఎవరు ఆడుతున్నారు? దానివల్ల వచ్చిన డబ్బు ఎవరి జేబులోకి పోయింది? మనం అడగవలసిన ప్రశ్నలు ఇవి.

నా దగ్గర చదువుకుంటున్న ఒక విద్యార్థి ఈ మధ్య తన ఫోనులో ఒక పాట వినిపించాడు. పాట అనడానికి అందులో మాటలు లేవు. నాలుగు దెబ్బల ఆవృతం, దాని కింద గురగురలాడే మంద్రస్వరం, పాత గ్రామఫోను రికార్డులో వినిపించే బరబర, అంతే. "ఇది కొత్తగా వచ్చింది సార్. కాని నలభై యేండ్ల కిందటిదాని మాదిరి చేసినారు. ఇప్పుడు అన్ని సౌకర్యాలూ పెట్టుకుని ఇంత మోటుగా ఎందుకు చేసినారు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. దీనికి జవాబు సంగీతశాస్త్రంలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది.

ఆ మోటు లయ పుట్టిన వూరు అమెరికాలోని చికాగో. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి సగంలో దక్షిణ రాష్ట్రాల పత్తి చేల నుంచి, జాతి వివక్ష నుంచి తప్పించుకుని లక్షలాది నల్లజాతి ప్రజలు ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు వలస పోయారు. చికాగో కబేళాలలో, ఉక్కు కర్మాగారాలలో వాళ్లకు పని దొరికింది. అయితే 1970ల నాటికి ఆ పనులు కరిగిపోవడం మొదలుపెట్టాయి. 1980లో విస్కాన్సిన్ స్టీల్ కర్మాగారం మూతపడి మూడు వేలమందికి పైగా కార్మికులు వీధిన పడ్డారు. తండ్రులకు దొరికిన కూలి కొడుకులకు దొరకని కాలమది.

ఆ కాలంలోనే, 1977లో, సౌత్ జెఫర్సన్ వీధిలోని ఒక పారిశ్రామిక భవనంలో వేర్‌హౌస్ అనే నాట్యశాల తెరిచారు. పేరుకు అర్థమే గోదాము. అక్కడ రికార్డులు వేసినవాడు న్యూయార్కు నుంచి వచ్చిన ఫ్రాంకీ నకుల్స్ అనే నల్లజాతి యువకుడు. వచ్చి ఆడినవాళ్లలో అత్యధికులు నల్లవాళ్లు, లాటిన్ అమెరికన్ సంతతివాళ్లు. వాళ్లలో చాలామంది స్వలింగ ప్రేమికులు, అంటే తెల్లవాళ్ల నగరమూ, తమ సొంత పేటలూ కూడా బాహాటంగా అంగీకరించని మనుషులు. ఆ గోదాము పేరులోని చివరి ముక్కే తరువాత "హౌస్" సంగీతానికి పేరయిందని చెబుతారు.

ఇక్కడ ఒక సంఘటన చెప్పుకోవాలి. 1979 జులై 12న చికాగోలోని కామిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ప్రోద్బలంతో ఒక తమాషా ఏర్పాటు చేశారు. ఒక డిస్కో రికార్డు తెచ్చినవాళ్లకు 98 సెంట్లకే ప్రవేశం. పోగుపడిన రికార్డులను మైదానం నడుమ మందుగుండు పెట్టి పేల్చేశారు. వేలాదిమంది మైదానంలోకి దూకి విధ్వంసం చేయడంతో రెండవ ఆట జరగనే లేదు. ఆనాడు అక్కడ సీట్లు చూపించే పనిలో వున్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు ఒక సంగతి గమనించాడు. జనం తెచ్చిన వాటిలో డిస్కో కాని రికార్డులు కూడా వున్నాయి, వాటిలో చాలా భాగం నల్లవాళ్లు పాడినవి. ఒక సంగీతం మీద విసుగు అనే ముసుగులో ఏ ద్వేషం బయటపడిందో వేరే చెప్పనక్కరలేదు. అయిదేళ్లు గడిచాక, 1984లో, అదే లారెన్సు జెస్సీ సాండర్స్‌తో కలిసి "ఆన్ అండ్ ఆన్" అనే రికార్డు తెచ్చాడు. హౌస్ సంగీతంలో మొదటి రికార్డుగా చరిత్రకారులు ఎక్కువమంది చెప్పేది దానినే.

పెద్ద కంపెనీలు డిస్కోను వదిలేశాయి. వాద్యబృందాన్ని పెట్టుకునే తాహతు ఈ కుర్రవాళ్లకు లేదు. అప్పుడు వాళ్ల చేతికి వచ్చినవి జపాను కంపెనీ రోలాండ్ తయారుచేసి అమ్ముకోలేకపోయిన యంత్రాలు. 1980లో వచ్చిన టి.ఆర్.-808 మృదంగాలకు బదులుగా, 1981లో వచ్చిన టి.బి.-303 బేస్ గిటారుకు బదులుగా ఉద్దేశించినవి. అసలు వాద్యాల్లా మోగడం లేదని వాటిని ఎవరూ కొనలేదు. 303 తయారీ 1984లో ఆగిపోయింది. సెకండ్‌హ్యాండు దుకాణాలలో చవగ్గా పడివున్న ఆ యంత్రాలను చికాగో కుర్రవాళ్లు కొన్నారు. ఫ్యూచర్ అనే ముగ్గురు సభ్యుల బృందం 303 మరలను చేయకూడని విధంగా తిప్పి, అది మూలిగేట్టు, అరిచేట్టు చేసింది. ఆ టేపును రాన్ హార్డీ తన నాట్యశాలలో వేసి, వేసి జనానికి అలవాటు చేశాడు. 1987లో అది "ఆసిడ్ ట్రాక్స్" పేరుతో రికార్డుగా వెలువడింది. డెట్రాయిట్ కార్ల కర్మాగారాల నీడలో పెరిగిన హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ తమ పద్ధతిలో చేసిన సంగీతానికి 1988లో బ్రిటనులో వచ్చిన ఒక సంకలనం వల్ల "టెక్నో" అన్న పేరు స్థిరపడింది.

యంత్రమే ఈ సంగీతాన్ని పుట్టించిందని ఎవరైనా అనవచ్చు. అలా కాదనడానికి మన దేశంలోనే సాక్ష్యం వుంది. బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ఈ యంత్రాలతోనే పది రాగాలను డిస్కో తాళంలో వాయించి ఒక రికార్డు చేశాడు. "ఆసిడ్ ట్రాక్స్"కు అయిదేళ్ల ముందు! విన్నవాళ్లు ఈనాటికీ ఆశ్చర్యపోతారు. కాని ఆనాడు అది అమ్ముడుపోలేదు, మరుగున పడిపోయింది. 2010లో యూరపులో తిరిగి వెలువడిన తరువాతనే లోకానికి తెలిసింది. యంత్రం ఒకటే, ప్రతిభకూ కొరత లేదు. మరి ఒకచోట ఉద్యమం, మరొకచోట మరుపు ఎందుకు? చరణ్‌జిత్ సింగ్ చుట్టూ ఆ లయను తమదిగా చేసుకుని ఆడే జనసమూహం లేదు. చికాగోలో వుంది. కళకు పరికరం అవసరమే. అయితే దానికి చరిత్రనిచ్చేది సమూహం. యంత్రాన్ని దేవుణ్ణి చేసేవాళ్లూ, దయ్యాన్ని చేసేవాళ్లూ మరిచిపోయేది ఈ విషయమే.

విద్యార్థి అడిగిన మోటుదనం ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది. చికాగోలో లారీ షెర్మన్ నడిపిన ట్రాక్స్ అనే రికార్డు కంపెనీ పాత రికార్డులను కరిగించి కొత్తవి అచ్చువేసేదని ప్రసిద్ధి. ఆ బరబర ఆ ప్లాస్టికుది. ఇంట్లో, చవక టేపుమీద, ఒక్క విడతలో రికార్డు చేయడం వల్ల వచ్చిన కరుకుదనం మిగిలినది. అది శైలి కాదు, పేదరికం వేసిన ముద్ర. ఆ పాటలు యూరపులో నాట్యశాలలను నింపుతున్న కాలంలో వాటిని చేసినవాళ్లకు రావలసిన డబ్బు రాలేదు. లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 2020లో ఆ కంపెనీ మీద దావా వేశారు. 2022లో రాజీ కుదిరి తమ పాటల మీద హక్కు వాళ్లకు తిరిగి వచ్చింది. ముప్పయి అయిదేళ్లు పట్టింది! అదే సంవత్సరం మార్షల్ జెఫర్సన్ మొదలైన మరికొందరు కూడా కోర్టుకెక్కారు.

ఈనాడు అమెరికాలో, యూరపులో చిన్న చిన్న సంస్థలు ఆ పాత ధ్వనిలో కొత్త రికార్డులు తెస్తున్నాయి. న్యూయార్కులో రాన్ మొరెల్లి 2010లో మొదలుపెట్టిన సంస్థ, చికాగోలోనే జామల్ మాస్ నడిపే మాథమాటిక్స్ వీటిలో పేరుపడినవి. పెద్ద సంస్థల నున్నటి, ఇస్త్రీ చేసిన సంగీతం మీద ఇదొక తిరుగుబాటు అంటారు. కొంతవరకు నిజమే. జామల్ మాస్ వంటి చికాగో మనిషి ఆ మోటుదనాన్ని పట్టుకుంటే అది వారసత్వం. కాని ఒకనాడు ఎవరూ కొనని 303 పాత యంత్రం ధర ఇవాళ మన డబ్బులో లక్షలకు చేరింది. అంత పెట్టి కొని, శుభ్రంగా రికార్డు చేయగలిగిన గదిలో కూర్చుని కావాలని మురికి పూయడంలో, పేదవాడి చిరుగుచొక్కాను అంగడిలో హెచ్చు ధరకు కొని తొడుక్కోవడంలో వుండే విడ్డూరం వుంది. అయితే, 2019లో బెరింజర్ కంపెనీ ఆ యంత్రానికి చవక నకలును తెచ్చింది. మళ్లీ డబ్బులేని కుర్రవాడి చేతికి అది అందుతుంది. వస్తువు ఒకచోట విలాసమై, మరొకచోట పనిముట్టవుతుంది. కనుక ధ్వనిని మాత్రమే విని తీర్పు చెప్పరాదు.

ఈ చరిత్ర మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. రాత్రిళ్లు తాగి ఆడే సంగీతంలో ప్రగతి ఏముందని కూడా అడగవచ్చు. వాళ్లకు హైదరాబాదు ఏ.సి. గార్డ్స్ పేటను చూపిస్తాను. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే నిజాము అశ్వికదళం పేరే ఆ పేట పేరు. అందులో పనిచేసిన సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. 1948 తరువాత నిజాము సైన్యం రద్దయింది, కొలువు పోయింది. మిగిలింది మర్ఫా. పెళ్లి వూరేగింపులలో ఆ వాద్యం మోగించి ఎన్నో కుటుంబాలు బతికాయి. తీన్‌మార్ దెబ్బను హైదరాబాదు వీధులకు అలవాటు చేసిన వాద్యాలలో మర్ఫా ముఖ్యమైనది. తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. ఈనాడు తీన్‌మార్ సినిమా పేరయింది, టీవీ వార్తల పేరయింది, డీజే పెట్టెలలో మరమోతయింది. ఆ సిద్దీ పేట ఎంతమందికి తెలుసు? కొలువులు పోయిన ఆఫ్రికన్ సంతతి మనుషులు, వాళ్ల లయ, దాన్ని అమ్ముకున్న అంగడి: చికాగో కథకూ దీనికీ ప్రభావ సంబంధం లేదు, పరిస్థితుల సామ్యం వుంది.

మన పల్లెల్లో తప్పెట కథ ఇంతకంటే చేదు. పీర్ల పండుగకు గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ కలిసి తొక్కే అడుగు దాని దెబ్బకే. చావుకు అది కావాలి, దేవరకు అది కావాలి. దాన్ని మోగించే మాదిగ మాత్రం గడపకు అవతల నిలబడాలి. 1994లో మొదలైన దండోరా ఉద్యమం ఆ వాద్యాన్నే ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టింది. ఈనాడు ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులకొక పద్దు వుంది. పింఛను అవసరమే, కాదనను. కాని కూలి ఇవ్వవలసిన చోట పింఛను ఇవ్వడమంటే, ఆ కళ బతికి వుండగానే దానికి వార్ధక్యాన్ని రాసివ్వడం.

తప్పెటను డీజే పెట్టె చంపిందనడం సగం నిజమే. పది మందికి కూలీ ఇచ్చే బదులు ఒక పెట్టెకు అద్దె ఇవ్వడం పెళ్లివారికి సులువు. తప్పెటవారిని గడపకు అవతల నిలబెట్టిన వూరికి ఆ సులువు మరీ హాయి. పెట్టెకు కులం లేదు, అది తిరిగి మర్యాద అడగదు. అయితే ఆ పెట్టె నడిపేవాళ్లలోనూ, దాని ముందు ఎగిరేవాళ్లలోనూ తప్పెట వాయించిన తాతల మనవళ్లున్నారు. చికాగో కుర్రవాళ్లు పారేసిన యంత్రాన్ని పట్టుకుని తమ గొంతు దానిలో పెట్టినట్టు, వీళ్లు ఆ పెట్టెలో తాత దెబ్బను ఎందుకు పెట్టరాదు? ఎరువు తెచ్చుకున్న సినిమాపాట బదులు, సొంత చేతితో మోగించి రికార్డు చేసిన తప్పెట, రికార్డుమీద వాయించినవాడి పేరు, అమ్మకం డబ్బులో వాడి వాటా – ఈ మూడూ కోరడం అత్యాశ కాదు.

నా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇదే. మోటుదనం అందమా అని అడగవద్దు. అది ఎవరి చేతి మోటుదనమో అడుగు. నాలుగు రోజుల తరువాత ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. ఈసారి ఫోనులో చికాగో లేదు. వాళ్ల వూళ్లో గుండం దగ్గర పట్టిన తప్పెట దెబ్బ వుంది. గాలి హోరు, జనం అరుపులు, మధ్యలో ఎవరిదో దగ్గు. "మా జేజినాయన సార్" అన్నాడు. రికార్డు చాలా మోటుగా వుంది. దాని కింద రాయడానికి ఒక పేరు కూడా వుంది.